నీలం పక్కన నలుపు ఎందుకు వెలిసినట్టు కనిపిస్తుంది? షెవ్రూల్ గురించి చర్చ

పట్టుపోగు:
అందరికీ నమస్కారం. ధర్మవరం వైపు పట్టుకు రంగులు అద్దే పని మాది. నాన్నగారి చేతి నుంచి నా చేతికి వచ్చింది. పోయిన నెలలో నిండు నీలం ఒడలు, నల్ల అంచు వేసిన నాలుగు చీరలు షావుకారు దగ్గర నుంచి వెనక్కి వచ్చాయి. నలుపు సరిగా పట్టలేదట, తుప్పు ఇనుములా ఉందట. నేనూ చీర విప్పి చూశాను. నిజమే, అంచులో నిగ్గు లేదు, ఎర్రమట్టి కలిసినట్టు ఉంది. కానీ అదే పూట, అదే తొట్టిలో అద్దిన చిలపలను (పట్టు దారపు కట్టలను) పసుపు ఒడలు చీరకు కూడా వాడారు. దాని అంచు కాటుకలా ఉంది! తొట్టి ఒకటే, వేడి ఒకటే, నీళ్లు ఒకటే. మూడు రోజులుగా నిద్ర పట్టడం లేదు. లోపం రంగు మందులో ఉందా, నా చేతిలో ఉందా? రసాయన శాస్త్రం తెలిసినవారు చెప్పండి.

స్ఫటికం:
పట్టుపోగు గారూ, తొట్టిని అనుమానించే ముందు ఒక పని చేయండి. తెల్లటి దళసరి కాగితానికి అంచు వెడల్పుకు సరిపడా కిటికీ కోయండి. నీలం చీర మీద దాన్ని పరిచి, నలుపు ఒక్కటే కనిపించేలా చూడండి. తరువాత పసుపు చీర మీద కూడా అలాగే. రెండూ పగటి వెలుతురులోనే చూడాలి.

ఎందుకంటే మీకు వచ్చిన ఫిర్యాదే రెండు వందల ఏళ్ల కిందట పారిస్‌లో ఒక రసాయన శాస్త్రవేత్త ముందుకు వచ్చింది. ఆయన పేరు మిషెల్ యూజీన్ షెవ్రూల్. గోడలకు వేలాడదీసే బొమ్మల తెరలు నేసే గోబెలిన్ రాజ నేతశాలలో 1824లో ఆయనను అద్దకం విభాగానికి అధిపతిగా పెట్టారు. నలుపు మీద ఫిర్యాదులు వస్తున్నాయి. నీలం, ఊదా వస్త్రాల నీడలు నేయడానికి ఇచ్చిన నల్ల ఉన్నిలో బలం లేదని నేతగాళ్ల మాట. షెవ్రూల్ ఫ్రాన్సులోని పేరున్న అద్దకశాలల నుంచీ ఇంగ్లండు, వియన్నాల నుంచీ నల్ల ఉన్ని తెప్పించి, తమ ఉన్ని పక్కన పెట్టి పోల్చాడు. తమ నలుపు దేనికీ తీసిపోలేదు. అప్పుడు ఆయనకు అర్థమైంది, లోపం అద్దకంలో కాదు, నలుపు పక్కన ఉన్న రంగులో ఉందని.

రసాయన శాస్త్రవేత్తను రంగు మందు చూడమని పిలిస్తే ఆయన కంటిని పరీక్షించాడు. నాకు ఆయన మీద ఇంత ప్రేమ ఉండడానికి మొదటి కారణం ఇదే.

కుంచె:
నేను చిత్రలేఖనం నేర్పుతాను. పిల్లలకు రంగులు మొదలుపెట్టే రోజున షెవ్రూల్ పేరు చెప్పకుండా పాఠం ప్రారంభించను. ఆయన సూత్రాన్ని తేలిక మాటల్లో చెబుతాను. రెండు రంగులు పక్కపక్కన ఉంటే కన్ను వాటి మధ్య తేడాను ఉన్నదానికన్నా పెంచి చూస్తుంది. ప్రతి రంగూ తన ఎదురు రంగును పక్కదాని మీద చిలకరిస్తుంది. నీలానికి ఎదురు రంగు నారింజ. అందుకే నీలం పక్కన నలుపు మీద నారింజ పొర పరుచుకున్నట్టు ఉంటుంది, దానినే షావుకారు తుప్పు అన్నారు. పసుపుకు ఎదురు రంగు ఊదా. అది నలుపు మీద పడితే నలుపు ఇంకా లోతుగా కనిపిస్తుంది.

ఈ సూత్రం చెప్పిన గ్రంథంలోనే బట్టల వర్తకుల సంగతి ఒకటి ఉంది. ఎరుపు, ఊదా, నీలం బట్టల మీద నల్ల పూలు అచ్చు వేయమని ఇచ్చారు. తీరా చూస్తే ఎర్ర బట్ట మీద పూలు ఆకుపచ్చగా, ఊదా మీద పసుపుపచ్చగా, నీలం మీద రాగి రంగులో ఉన్నాయని అచ్చువాళ్లతో తగాదా పెట్టుకున్నారు. షెవ్రూల్ తెల్ల కాగితం కత్తిరించి చుట్టూ ఉన్న బట్ట రంగును మూసేసి పూలను మాత్రమే చూపించాడు. అన్నీ నల్లగానే ఉన్నాయి. స్ఫటికం గారు చెప్పిన కాగితం కిటికీ అదే.

1828లోనే ఈ విషయం మీద ఫ్రెంచి సైన్సు అకాడమీలో పత్రం చదివినా, పుస్తకం వెలువడింది 1839లో. రంగుల పటాలు అచ్చు వేయడానికి అయ్యే ఖర్చు అంతకాలం అడ్డుపడింది. ఆయన గీసిన రంగుల చక్రంలో 72 భాగాలు. ఒక్కొక్కదానికి తెలుపు నుంచి నలుపు వరకు మెట్లు, మళ్లీ ప్రతి రంగులో పదో వంతు చొప్పున నలుపు కలుపుతూ ఇంకో వరుస చక్రాలు. అన్నీ కలిపితే 14 వేల పైచిలుకు ఛాయలు! అద్దకందారు, పూల వ్యాపారి, చిత్రకారుడు ఫలానా సంఖ్య ఛాయ అని చెప్పుకుంటే పొరపాటు ఉండకూడదన్నది ఆయన తపన. తరువాతి కాలంలో జార్జ్ సూరా, పాల్ సిన్యాక్ వంటి చిత్రకారులు చుక్క పక్కన చుక్క పెట్టి బొమ్మలు వేశారంటే వాళ్ల చేతిలో ఉన్న పాఠాల్లో ఇదొకటి.

పట్టుపోగు:
ఇప్పుడే చూశాను. చెయ్యి ఇంకా వణుకుతోంది, అందుకే చిన్నగా రాస్తున్నాను. మా అమ్మాయి పరీక్ష అట్ట మీది తెల్ల కాగితం కోసి ఇచ్చింది. గుమ్మం దగ్గర రెండు చీరలూ పరిచాను. కిటికీలోంచి చూస్తే రెండు అంచులూ ఒకటే నలుపు! కాగితం తీయగానే నీలం చీర అంచు మెల్లగా తుప్పు తేలింది. మళ్లీ కాగితం పెడితే నలుపు. పదిసార్లు పెట్టి తీశాను. అమ్మను కూడా పిలిచి చూపించాను. కాసేపు చూసి "అయితే నీ తప్పు కాదన్నమాట" అంది.

వెన్నముద్ద:
నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా పాఠంలో కొవ్వు ఆమ్లాల దగ్గర ఒక్క వాక్యంలో షెవ్రూల్ పేరు వస్తుంది. సబ్బు మీద పనిచేసిన ఆయన, ఈ రంగుల ఆయన ఒక్కరేనా? నేను ఇద్దరనుకున్నాను.

స్ఫటికం:
ఒక్కరే. 1786 ఆగస్టు 31న ఆంజే పట్టణంలో వైద్యుల కుటుంబంలో పుట్టాడు. పదిహేడేళ్లకు పారిస్ వచ్చి, క్రోమియం కనిపెట్టిన వోక్లాఁ దగ్గర శిష్యరికం చేశాడు. మొదటి పనులన్నీ మొక్కల నుంచి వచ్చే రంగుల మీదే. లాగ్‌వుడ్ చెక్క నుంచి హెమటాక్సిలిన్ అనే రంగు పదార్థాన్ని వేరుచేసినప్పుడు ఆయన వయసు ఇరవై నాలుగు. ఇవాళ్టికీ ఆసుపత్రి ప్రయోగశాలల్లో కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టే ముందు ఆ రంగే పట్టిస్తారు.

1811లో ఆయన చేతికి ఒక సబ్బు ముక్క వచ్చింది. పంది కొవ్వు, పొటాష్ అనే క్షారం కలిపి చేసిన మెత్తటి సబ్బు. దాన్ని చాలా నీళ్లలో కలిపితే కొంత కరిగింది, కొంత ముత్యపు చిప్పలా మెరిసే పొరలుగా అడుగుకు చేరింది. ఇంకొకరైతే ఆ నీళ్లు పారబోసి ఉండేవారు. ఆయన ఆ మెరిసే పొరకు ఆమ్లం కలిపి చూశాడు. తేలివచ్చిన పదార్థం కొవ్వులా జిడ్డుగా ఉంది కానీ కొవ్వు కాదు, ఆమ్లం! అప్పటిదాకా సబ్బు అంటే కొవ్వూ క్షారమూ ఉన్నవి ఉన్నట్టు కలిసిపోవడం అనుకునేవారు. కాదు, క్షారం కొవ్వును విడగొడుతుంది, ఆమ్లం ఒక వైపు, తీపి ద్రవం ఒక వైపు వస్తాయి అని ఆయన తేల్చాడు. ఆ తీపి ద్రవాన్ని అంతకు ముందే స్వీడన్‌లో షీలే గుర్తించాడు. దానికి గ్లిజరిన్ అని పేరు పెట్టినవాడు షెవ్రూల్.

అక్కడి నుంచి పన్నెండేళ్లు అదే పని. మనిషి కొవ్వు, గొర్రె కొవ్వు, ఎద్దు కొవ్వు, డాల్ఫిన్ నూనె, వెన్న. స్టియరిక్ ఆమ్లం, ఓలియిక్ ఆమ్లం ఆయన చేతుల మీదుగానే లోకానికి తెలిశాయి. వెన్న నుంచి బ్యుటిరిక్, మేక పేరు మీద కాప్రిక్. వెన్నముద్ద గారూ, మీ పేరు చూడగానే నాకు గుర్తొచ్చింది, పాత వెన్నకు వచ్చే ఆ ముతక వాసన బ్యుటిరిక్ ఆమ్లానిదే. పిత్తాశయపు రాళ్లలోని మైనం లాంటి పదార్థం క్షారంతో ఎంత మరిగించినా సబ్బు కాలేదు. అంటే అది కొవ్వు జాతి కాదు. దానికి కొలెస్టెరిన్ అని పేరు పెట్టాడు. మన రక్త పరీక్ష కాగితం మీద కనిపించే కొలెస్టరాల్ అదే. మధుమేహ రోగి మూత్రంలోని చక్కెరా ద్రాక్షలోని చక్కెరా ఒకటేనని 1815లో చూపించినవాడు కూడా ఆయనే.

సున్నపుతేట:
నేను ఇంట్లో కొబ్బరినూనెతో సబ్బులు చేస్తాను. క్షారపు నీళ్లు పోసి గిలకొడుతూ ఉంటే ఒక దశలో కవ్వం ఎత్తినప్పుడు పైన గీత చెరగకుండా నిలుస్తుంది. ఆ క్షణం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. లోపల కొవ్వు విడిపోతోందని చదివాను కానీ, మొదట దాన్ని కనిపెట్టిన మనిషికి కంటికి కనిపించనిది ఎలా తెలిసిందో ఇవాళే తెలిసింది. స్ఫటికం గారూ, విడిపోయింది అని ఆయన ఎలా నమ్మించగలిగారు? ముందు నుంచీ కలిసి ఉన్న రెండు పదార్థాలు విడివడ్డాయేమో అని ఎవరూ అడగలేదా?

స్ఫటికం:
చాలా మంచి ప్రశ్న. త్రాసు జవాబు చెప్పింది. విడిపోయిన ఆమ్లాన్నీ గ్లిజరిన్‌నూ కలిపి తూచితే మొదటి కొవ్వుకన్నా బరువు ఎక్కువ వచ్చింది. కలిసి ఉన్నవి ఊరికే విడివడితే బరువు పెరగదు. నీటి అంశం వచ్చి చేరింది కాబట్టే పెరిగింది. మీ గిన్నెలో జరిగేది కూడా అలాంటిదే, క్షారం ఆమ్లాన్ని పట్టుకుని సబ్బు అవుతుంది, గ్లిజరిన్ విడిపడుతుంది. ఇంట్లో చేసిన సబ్బు చేతికి మృదువుగా ఉండడానికి ఆ గ్లిజరిన్ అందులోనే ఉండిపోవడం ఒక కారణం.

ఇక స్వచ్ఛత సంగతి. రెండు కొవ్వు ఆమ్లాలు చూడటానికి ఒకేలా తెల్లగా ఉంటాయి. ఆయన ఆల్కహాలులో కరిగించి, స్ఫటికాలు తీసి, కరిగే వేడిని కొలిచేవాడు. మళ్లీ కరిగించి, మళ్లీ స్ఫటికాలు తీసి, మళ్లీ కొలిచేవాడు. ఎన్నిసార్లు చేసినా ఆ అంకె కదలకుండా నిలిచినప్పుడే ఒక పదార్థం అని ఒప్పుకునేవాడు. ముప్పై ఏళ్లు ప్రయోగశాలలో పిల్లలకు ద్రవీభవన స్థానం కొలవడం నేర్పాను. సన్నటి గాజు గొట్టంలో చిటికెడు పొడి, పక్కన థర్మామీటరు. పొడి అంచు తడిసినట్టు మెరిసే ఆ ఒక్క లిప్త కోసం కళ్లు ఆర్పకుండా చూడాలి. విసుగు పుట్టే పని. ఆ విసుగును పన్నెండేళ్లు భరించిన ఫలితమే 1823లో వచ్చిన ఆయన కొవ్వుల గ్రంథం.

నాలుగోపాదం:
అందరూ మెచ్చుకుంటున్నారు, నాకూ గౌరవమే. కానీ రెండు సంగతులు చెప్పకపోతే న్యాయం కాదు. నాన్సీ నగరంలో బ్రాకొన్నో అనే రసాయన శాస్త్రవేత్త కూడా 1815 నాటికే కొవ్వును గట్టి భాగం, ద్రవ భాగం అని వేరుచేశాడు. ఆయన పేరు ఎవరికీ తెలియదు. రెండోది, షెవ్రూల్ మార్గారిక్ ఆమ్లం అని పేరు పెట్టి ప్రకటించిన పదార్థం అసలు ఒకే పదార్థం కాదు. 1850ల్లో జర్మనీలో హైంట్జ్ అది స్టియరిక్, పామిటిక్ ఆమ్లాల మిశ్రమమని తేల్చాడు. అంకె కదలకుండా నిలిస్తే స్వచ్ఛమే అన్న నియమమే అక్కడ ఆయనకు ఎదురుతిరిగింది.

స్ఫటికం:
రెండూ నిజమే, చెప్పినందుకు కృతజ్ఞతలు. బ్రాకొన్నో కొవ్వును ఒత్తి వేరుచేశాడు, పని గొప్పదే. సబ్బు అయ్యేటప్పుడు కొవ్వు రసాయనికంగా ఏమవుతుందో విప్పినది మాత్రం షెవ్రూల్. మార్గారిక్ విషయంలో ఆయన పొరబడ్డాడు. కొన్ని పాళ్లలో కలిసిన ఆ రెండు ఆమ్లాలు ఒకే పదార్థంలా ఒకే వేడి దగ్గర కరిగి మోసం చేస్తాయి, అది ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. ముత్యం అనే గ్రీకు మాట నుంచి ఆయన పెట్టిన ఆ పేరే 1869లో మెజ్ మూరియే తయారుచేసిన కృత్రిమ వెన్నకు మార్గరిన్‌గా అంటుకుంది. లేని ఆమ్లం పేరు అంగడిలో బతికిపోయింది. దాన్ని మిశ్రమమని పట్టుకున్నది కూడా ఆయన నేర్పిన దారిలోనే, మళ్లీ మళ్లీ వేరుచేసి, మళ్లీ మళ్లీ కరిగించి.

దీపపుసెమ్మె:
కొవ్వొత్తుల మాట ఎవరూ ఎత్తలేదేమి? మన మాటలోనే ఉంది చూడండి, కొవ్వు, వత్తి. ఒకప్పుడు యూరప్‌లో పేదల ఇళ్లలో వెలిగింది నిజంగా పశువుల కొవ్వే. ఎండాకాలం మెత్తబడి వంగిపోయేది, పొగ, కమురు కంపు. వత్తి కొస నల్లగా పెరిగి వెలుగు తగ్గిపోతుంటే ప్రత్యేకమైన కత్తెరతో మాటిమాటికీ కత్తిరించాలి. తేనెమైనపు వత్తులు చర్చీలకూ ధనవంతులకూ మాత్రమే. షెవ్రూల్, గే లూసాక్ అనే ఇంకో రసాయన శాస్త్రవేత్త కలిసి 1825లో కొవ్వు ఆమ్లాలతో కొవ్వొత్తి చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. గ్లిజరిన్ పోయింది కాబట్టి కంపు పోయింది, ద్రవంగా ఉండే ఓలియిక్ ఆమ్లాన్ని పిండేశారు కాబట్టి వత్తి గట్టిగా నిలిచింది. కానీ వ్యాపారంగా అది నిలదొక్కుకోలేదు. 1831లో ద మిలీ, మోటార్ అనే ఇద్దరు ఖరీదైన క్షారం బదులు సున్నం వాడి దాన్ని చౌక చేశారు.

ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వత్తి. కంబాసెరెస్ అనే ఇంజనీరు నూలును మెలిపెట్టకుండా జడలా అల్లాడు. జడ వత్తి కాలుతూ ఒక పక్కకు వంగుతుంది, కొస మంట అంచుకు వచ్చి గాలి తగిలి పూర్తిగా బూడిద అవుతుంది. ఇక కత్తెర అక్కర్లేదు. ఈ రాత్రి ఒక కొవ్వొత్తి వెలిగించి చూడండి, వత్తి కొస పక్కకు వంగి ఎర్రగా మెరుస్తూ ఉంటుంది.

ఎర్రనేల:
నేను మామూలుగా ఇక్కడ చదివి వెళ్లిపోతాను. ఈ పేరు చూసి ఆగాను. మాది అనంతపురం జిల్లాలో ఎండిన పల్లె. బోరు వేసే ముందు నీళ్లు చూపే పెద్దాయనను పిలవడం మా వైపు ఆచారం. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టి పొలంలో నడుస్తాడు. నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుంది. మా నాన్న అలా మూడు బోర్లు వేయించారు. మూడింట్లోనూ దుమ్మే. అప్పు తీరడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఆ పెద్దాయన మోసగాడని నేను చాలాకాలం తిట్టుకున్నాను. ఈ విషయం మీద షెవ్రూల్ ఏదో రాశారని విన్నాను. తెలిసినవారు చెప్పండి.

స్ఫటికం:
రాశాడు. ముందు, మీ నాన్నగారి కష్టం చదివి మనసు బరువెక్కింది.

ఆ రోజుల్లో దారానికి ఇనుప ఉంగరం కట్టి పాదరసం మీద పట్టుకుంటే అది తనంతట తానే ఊగుతుందని చెప్పుకునేవారు. షెవ్రూల్ తన చేత్తోనే పట్టుకున్నాడు. ఊగింది! పాదరసానికీ ఉంగరానికీ మధ్య గాజు పలక పెట్టించాడు. ఊగడం తగ్గి ఆగిపోయింది. ఇంకొకరైతే పాదరసంలో ఏదో శక్తి ఉందని ప్రకటించేవారు. ఆయన చేతి కింద చెక్క ఆధారం పెట్టాడు. ఆధారాన్ని భుజం నుంచి వేళ్ల వైపు జరిపేకొద్దీ ఊగు తగ్గుతూ వచ్చి, వేళ్లే చెక్క మీద ఆనినప్పుడు ఆగిపోయింది. చివరికి కళ్లకు గంతలు కట్టించుకున్నాడు. గాజు పలక ఎప్పుడు పెట్టారో ఎప్పుడు తీశారో తెలియనప్పుడు అది ఏ ప్రభావమూ చూపలేదు. అంటే ఊపింది తన చేతే, తనకే తెలియకుండా. ఊగుతుందని అనుకోవడం, ఊగడాన్ని చూడటం, ఈ రెండూ కండరాన్ని కదిలించాయి. ఈ సంగతిని 1833లో భౌతిక శాస్త్రవేత్త ఆంపియర్‌కు లేఖగా రాసి అచ్చువేయించాడు. నీళ్లు చూపే పుల్ల, లోలకం, ఆత్మలు కదుపుతాయని నమ్మే తిరిగే బల్లల మీద 1854లో ఏకంగా పుస్తకమే రాశాడు.

ఎర్రనేల గారూ, ఆ పెద్దాయన అబద్ధం ఆడి ఉండకపోవచ్చు. కాయ లేచింది, ఆయన కళ్లారా చూశాడు. షావుకారు కూడా తుప్పు రంగు కళ్లారా చూశారు. ఎవరినీ దొంగ అనకుండా, ముందు తన చెయ్యి, తన కన్ను పరీక్షకు పెట్టినవాడు షెవ్రూల్.

ఎర్రనేల:
ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. చివరి బోరు దగ్గర దుమ్ము లేచినప్పుడు తలపాగా తీసి నేల మీద కూర్చుండిపోయాడు, నాకు బాగా గుర్తు. డబ్బులు కూడా తీసుకోలేదు. ఇవాళ ఈ సంగతి మా నాన్నకు చదివి వినిపిస్తాను.

వెన్నముద్ద:
ఆయన చివరి రోజుల గురించి కూడా చెప్పండి. 1889 దాకా బతికారని చూసి పుట్టిన సంవత్సరం తప్పు పడిందేమో అనుకున్నాను.

కుంచె:
తప్పు కాదు, నూట రెండేళ్లు! ఫ్రెంచి విప్లవానికి ముందు పుట్టి ఐఫెల్ గోపురం కళ్లారా చూశాడు. 1864 నుంచి 1879 వరకు పారిస్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంకు డైరెక్టరు. 1871 జనవరిలో ప్రష్యా సైన్యం ఫిరంగి గుండ్లు అక్కడ మొక్కలు పెంచే గాజు ఇళ్ల మీద పడితే, ఎనభై నాలుగేళ్ల వయసులో తేదీతో సహా నిరసన రాసి అకాడమీ ముందు పెట్టాడు. తనను ఫ్రాన్సు విద్యార్థులందరిలో పెద్దవాడినని చెప్పుకునేవాడు. 1886లో నూరేళ్ల పండుగ దేశమంతా చేసింది. ఆ సందర్భంగా ఛాయాచిత్రకారుడు నాదార్ ఆయనతో మాట్లాడుతుంటే, నాదార్ కొడుకు పాల్ ఫొటోలు తీశాడు. పత్రికలో మాటల పక్కనే మాట్లాడుతున్న మనిషి ముఖం వరుసగా అచ్చయిన తొలి ఇంటర్వ్యూగా దాన్ని చెబుతారు. తెల్లటి జుట్టు, గాలిలో లేచిన వేళ్లు, నూరేళ్ల మనిషి ఇంకా ఏదో వివరిస్తూనే ఉన్నాడు.

ఐఫెల్ గోపురం మీద చెక్కిన 72 పేర్లలో ఆయనది ఒకటి. రంగుల చక్రంలోనూ 72 భాగాలే, ఈ పోలిక నాకెంతో ఇష్టం. 1889 ఏప్రిల్ 9న, గోపురం జనానికి తెరవకముందే కన్నుమూశాడు.

పట్టుపోగు:
వారం తరువాత వస్తున్నాను. కుంచె గారు చెప్పిన ఎదురు రంగు మాట మనసులో పెట్టుకుని ఒక ప్రయత్నం చేశాను. నీలం నలుపు మీదికి నారింజను తోస్తోంది కదా, అయితే నలుపులోనే ముందుగా కొంచెం నీలం ఉంచితే? రెండు చిలపలు తీసుకున్నాను. ఒకటి మామూలు నలుపు, ఇంకొకటి ముందు లేత నీలంలో ముంచి ఆపైన నలుపు అద్దినది. విడిగా చూస్తే రెండోదే తక్కువ నలుపు, కాకి రెక్కలా నీలి ఛాయ కొడుతోంది. రెండింటినీ నీలం ఒడలు మీద పక్కపక్కన పరిచాను. మొదటిది తుప్పు తేలింది. రెండోది కాటుక!

షావుకారు వచ్చినప్పుడు ముందు కాగితం కిటికీ ఆయన చేతికే ఇచ్చాను. చాలాసేపు పెట్టి తీసి చూశారు. పాత నాలుగు చీరలూ తీసుకున్నారు. కొత్తగా ఎనిమిదింటికి చెప్పారు, రెండో నలుపుతో. ఇవాళ పొద్దున తొట్టి కింద పొయ్యి వెలిగించాను.